దిద్దు: ఓనమాలు దిద్దడం, పేపర్లు దిద్దడం ఒకే మాటేనా?

పిల్లవాడు ఓనమాలు దిద్దుతాడు, ఉపాధ్యాయుడు పరీక్ష పేపర్లు దిద్దుతాడు. ఒకటి నేర్చుకోవడం, రెండోది తప్పులు పట్టడం, రెండింటికీ ఒకే క్రియ ఎలా వచ్చిందని నిన్న మన బృందంలో ఒకరు అడిగారు. రెండు వేర్వేరు ధాతువులు కలిసిపోయి ఉంటాయని కొందరు జవాబిచ్చారు. కలిసిపోలేదు. మాట ఒక్కటే.

చిత్తూరు జిల్లాలో పెరిగినవాళ్ళకు ఇది నిఘంటువు తెరవకుండానే తెలుస్తుంది. అటు తమిళం, ఇటు కన్నడం రెండూ చెవిన పడే నేల మాది. తమిళంలో పరీక్ష పేపర్లను ‘తిరుత్తు’తారు. కన్నడంలో ‘తిద్దు’తారు, పాత రూపం ‘తిర్దు’. మన ‘దిద్దు’ ఆ కుటుంబంలోదే. కన్నడంలో పిల్లల చేత అక్షరాలు కూడా తిద్దిస్తారు, సరిగ్గా మనలాగే. మూలార్థం చక్కబరచడం. బొట్టు దిద్దినా, కాటుక దిద్దినా, మీసం దిద్దినా జరిగే పని అదే: ఉన్న గీతను తీరుగా చేయడం. గురజాడ 1910లో తన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టినప్పుడు చక్కబడింది ఒక మనిషి నడవడి. పలక మీద పిల్లవాడు చేసేదీ అదే. పెద్దవాళ్ళు రాసిచ్చిన అక్షరం మీద బలపం పదేపదే తిప్పి తన చేతి వంకరను తానే సరిచేసుకుంటాడు.

ఆ రాసిచ్చిన అక్షరానికి ‘ఒరవడి’ అని పేరు. ఇప్పుడు పత్రికల్లో ‘సాహిత్యంలో కొత్త ఒరవడి’ అని చదువుతుంటాం గానీ, అది పలక మీది మాటని చాలామందికి తట్టదు. నాకైతే ఆ మాట వింటే మా సారు చేతిరాత కళ్ళ ముందుకు వస్తుంది.

సారు తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా విద్యాశాస్త్రం బోధించారు. ఉపాధ్యాయులు కాబోయేవాళ్ళకు ఉపాధ్యాయుడు. బోధనాభ్యాసానికి మమ్మల్ని చంద్రగిరి వైపు పల్లెబడికి పంపి, వెనుక బెంచీలో పిల్లల మధ్య కూర్చుని మా పాఠం వినేవారు. అక్కడ నేను మూడో తరగతి పిల్లవాడి నోటు పుస్తకం శ్రద్ధగా దిద్దాను. పుటంతా ఎర్ర సిరా. సారు అది అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతా మీరే దిద్దేస్తే వాడు దిద్దుకోవడానికి ఏం మిగిలిందండీ?” అన్నారు. విద్యార్థులను కూడా ‘మీరు’ అనేవారు. మరునాడు అదే పుస్తకంలో తప్పున్న పంక్తి పక్కన పెన్సిలుతో చిన్న చుక్క మాత్రం పెట్టి పిల్లవాడికి ఇచ్చారు. వాడు నాలుక బయటపెట్టి, పెన్సిలు బిగించి పట్టుకుని, చుక్క ఉన్నచోటల్లా వెతికాడు. అయిదు తప్పుల్లో నాలుగు వాడే పట్టాడు.

దిద్దు, దిద్దించు, దిద్దుకొను. తెలుగు వ్యాకరణం ఈ మూడు రూపాలనూ పక్కపక్కన పెట్టింది. ఉపాధ్యాయుడి పని రెండోదని సారు గట్టిగా నమ్మారు. వేదపదాలకు వ్యుత్పత్తులు చెప్పే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తంలో ‘ఆచార్య’ శబ్దానికి ‘ఆచారం గ్రాహయతి’ అని ఒక వ్యుత్పత్తి ఉంది. గ్రహించేలా చేస్తాడు అని. అదీ ‘దిద్దించు’ లాగే ప్రేరణార్థకం, అంటే ఎదుటివారి చేత చేయించే రూపమే.

ఇక ‘అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు’ అన్న సామెత సంగతి. అది పంతుళ్ళను ఎగతాళి చేసే సామెత అని బృందంలో ఇదే చర్చలో ఒక మిత్రుడు రాశారు. వాడుక అలాగే ఉంది, కాదనను. కానీ సారు ఆ సామెతను తరగతిలో నల్లబల్ల మీద రాసి, ‘దిద్దుకుంటున్నారు’ కింద గీత గీసి, తన పాత పాఠ్యప్రణాళికల్లో తాను ఎక్కడ పొరబడ్డారో గంటసేపు వివరించారు. అప్పటి నుంచి ఆ సామెతను ఎగతాళిగా వాడటానికి నాకు నోరు రాదు.

పదవీ విరమణ తర్వాత ఆయన తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి వసారాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పారు, జీతం లేకుండా. ఇళ్ళలో పని చేసేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, బండి మీద ఇడ్లీ అమ్మే ఒకామె వచ్చేవారు. అందరిదీ ఒకటే కోరిక: బ్యాంకులో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టాలి. సారు ఒక్కొక్కరి పేరూ గుండ్రని అక్షరాలతో పలక మీద రాసి ఒరవడి పెట్టేవారు. పూలు కట్టే ఒకామె, యాభై దాటి ఉంటాయి, నారతో కాయ కాసిన వేళ్ళు, బలపం అదిమి రెండుసార్లు విరగ్గొట్టింది. పేరు చివరి ‘మ్మ’లో మీది ‘మ’కు తోక మరిచి ‘వ’ రాసింది. సారు చెప్పలేదు. ఆమె పలకను కాస్త దూరంగా పట్టుకుని చూసి, “ఇదేదో తక్కువైంది సార్” అని తోక తానే తగిలించింది. “దిద్దుకున్నారమ్మా,” అన్నారు ఆయన. నేను చాక్‌పీసుల డబ్బా పట్టుకుని పక్కనే ఉన్నాను.

నిరుడు సారు కాలం చేశారు. ఆ వసారా బడి ఇప్పుడు ఆయన విద్యార్థులం కొందరం వంతులవారీగా నడుపుతున్నాం.

ప్రశ్న అడిగిన మిత్రురాలికి ఒక విన్నపం. పలమనేరు, కుప్పం వైపు మీకు బంధువులున్నారని రాశారు కదా. అక్కడి పెద్దవాళ్ళు ‘ఒరవడి’ని ఇంకా పలక మీది అర్థంలో వాడుతున్నారేమో అడిగి చెప్పండి. వేరే మాట ఉంటే అదీ రాయండి, వసారా బడి పలకల మీద వాడుకుంటాం.