నదిలో గాలానికి మంచి చోటు: వెతుక్కోవాలా, క్లబ్బులో చేరాలా?

కొత్తగాలం:
చెరువుల్లో గాలం వేయడం అలవాటే, నది మాత్రం కొత్త. చేపలు నిలిచే చోట్లు ఎలా కనిపెట్టాలి? అందుబాటులో రెండు క్లబ్బులు ఉన్నాయి. ఏమి చూసి చేరాలి? అసలు చేరకుండా కుదరదా?

ఏటిగట్టు:
క్లబ్బు ఎందుకండీ, కాళ్లుంటే చాలు. నీరు తగ్గిన రోజుల్లో గట్టు వెంట నడవండి. నది వంపు తిరిగే చోట బయటి వైపు ప్రవాహం గట్టును కోసి లోతు చేస్తుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. బయటి వైపే చూసుకోండి. బండల వెనక, పాయలు కలిసే చోట, వడి నీరూ నిదాన నీరూ రాసుకునే గీత వెంట కూడా చేప ఉంటుంది. నిదాన నీటిలో అలసట లేకుండా నిలబడి, వడిలో కొట్టుకొచ్చే మేతను అందుకుంటుంది. నురుగు ఏ దారిన పోతుందో చూస్తే మేత దారి తెలిసిపోతుంది. ఎండిన రోజుల్లో గుంతలు గుర్తుపెట్టుకున్నవాడికి, నీరు పెరిగి అంతా ఒకేలా కనిపించినా గాలం ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఆనకట్ట కింద కూర్చుంటే మాత్రం జాగ్రత్త, గేట్లు ఎత్తితే నీరు చెప్పి రాదు.

నిదానం:
ఏటిగట్టు గారు చెప్పినవి సరైన చోట్లే, కానీ ఎండాకాలంలో లెక్క మారుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. అప్పుడు కదలని మడుగు కంటే రాళ్ల మీద నీరు విరిగిపడే చోటు మేలు. (కొర్రమీనుకు ఈ బాధ లేదు, అది పైకి వచ్చి గాలి పీలుస్తుంది.)
క్లబ్బు విషయానికొస్తే, నది ఎంత మేర వారి కౌలులో ఉంది, గడువు ఎప్పటితో ముగుస్తుంది, సభ్యులు ఎంతమంది, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపుతారా అని అడగండి. సెలవు రోజున వెళ్లి గట్టు మీద రద్దీ చూసి రండి. ముల్లు (గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న మొన) లేని గాలం తప్పనిసరి చేసిన క్లబ్బయితే నేను రెండో ఆలోచన లేకుండా చేరతాను.

ఏటిగట్టు:
అనుకున్నాను, ముల్లు దగ్గరికే వస్తారని! గాలానికి ముల్లు లేకపోతే దారం కాస్త వదులైనా చేప జారిపోతుంది. పట్టడం రానివారు పెట్టిన నిబంధన అది.

బెండు:
దారం వదులు చేయకండి మరి.

నిదానం:
పట్టడం వచ్చినవారికే అది సరిపోతుంది. ముల్లున్న గాలాన్ని చేప నోట్లోంచి తీయాలంటే పట్టకారు పెట్టి మెలితిప్పాలి. అంతసేపూ చేప నీటి బయటే. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర కూడా పోతుంది. తిరిగి నీటిలో వదిలినా బతుకుతుందన్న నమ్మకం ఏమిటి?

ఏటిగట్టు:
నేను పట్టింది ఇంటికి తీసుకెళ్తాను. నాకెందుకు ఈ నీతులు?

నిదానం:
మరీ చిన్న చేపపిల్లలను కూడానా?

ఏటిగట్టు:
మాటలు జారకండి. చిన్నవాటిని మీకంటే ముందు నుంచే వదులుతున్నాను. నా సంగతి వినండి. చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని బెండు చూడటం నేర్చుకున్న బండ ఒకటి ఉంది. పోయిన ఏడు అక్కడికి వెళ్తే క్లబ్బు కాపలా మనిషి నా గాలం అందుకుని, బొటనవేలితో ముల్లు తడిమి, “ఇది ఇక్కడ చెల్లదు” అన్నాడు. పిల్లవాడి చేతిలో కత్తి లాక్కున్నట్టు!

నిదానం:
ముల్లు లేనిది తెచ్చి ఉంటే కూర్చోనిచ్చేవాడా?

ఏటిగట్టు:
లేదు. సభ్యత్వ కార్డు అడిగాడు.

నిదానం:
మరి ఇంతసేపూ ముల్లు మీద ఎందుకు పడ్డారు?

ఏటిగట్టు:
సరే, సూటిగా అడుగుతాను. పారే నీటికి గేటు వేసే హక్కు మీ క్లబ్బులకు ఎవరిచ్చారు?

నిదానం:
గేటు లేనప్పుడు మా క్లబ్బు మేరలో ఏమి జరిగేదో తెలుసా? బ్లీచింగ్ పొడి చల్లి, తేలిన వాటిని గంపల్లో ఎత్తుకుపోయేవారు. అందరిదీ అన్న నదిని అప్పుడు ఎవరూ కాయలేదు. తరువాత ఒక మిత్రుడు మా మడుగు ఫొటోను దారి గుర్తులతో సహా అందరికీ పంపించాడు. నెల తిరగకముందే గట్టంతా తెగిన దారాలు, కాలికి గాలాలు. దారం చుట్టుకుని ఎగరలేకపోతున్న కొంగను నేనే కత్తెర పెట్టి విడిపించాను.

ఏటిగట్టు:
కాచినందుకు దండం పెడతాను. కానీ పొడి చల్లినవాడికీ నాకూ ఒకే శిక్షా? రోజు పాసు ఇవ్వండి. నిబంధనలు చెప్పండి, పాటించకపోతే పంపించేయండి.

నిదానం:
రోజుకు ఇద్దరికైతే ఇవ్వవచ్చు. మా సమావేశంలో నేనే అడిగాను, ఓటింగులో వీగిపోయింది.

ఏటిగట్టు:
ఈ మాట మొదటే చెబితే నాకు ఇంత రాత పని తప్పేది. అయినా ముల్లు విషయంలో నేను మారను.

కొత్తగాలం:
కౌలు గడువు గురించి రెండు క్లబ్బులనూ అడిగాను. ఒకరు కాగితం చూపించారు, రోజు పాసు కూడా ఉందట. ఇంకొకరు “చేరాక చెబుతాం” అన్నారు.

నిదానం:
కాగితం చూపించినవారి దగ్గర చేరండి.

ఏటిగట్టు:
చేరకండి. రోజు పాసు తీసుకోండి.