ఎలక్ట్రిక్ స్టీరింగ్ తీసి హైడ్రాలిక్ వేయాలి, పంపు ఎక్కడ బిగించాలి?

నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను. నాది 2016 నాటి వీ6 పికప్ ట్రక్కు, 35 అంగుళాల పెద్ద టైర్లు. మొన్న యూటాలోని మోయాబ్‌లో రెండు బండల మధ్య ముందు చక్రం ఇరుక్కుంది. అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పేసరికి ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారు వేడెక్కి చేతులెత్తేసింది. స్టీరింగ్ రోకలిబండలా బరువెక్కింది. పావుగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. ఇలా జరగడం మూడోసారి.

హైడ్రాలిక్ రాక్ (నూనె ఒత్తిడి సాయంతో చక్రాలను తిప్పే స్టీరింగ్ భాగం) దొరికింది. చిక్కంతా దానికి ఒత్తిడి ఇచ్చే పంపు దగ్గరే. ఇంజిను ముందు బెల్టు దారిలో కొత్త పుల్లీకి జానెడు చోటు లేదు. ఆల్టర్నేటర్ (ఇంజినుతో తిరిగి కరెంటు తయారుచేసేది) కింద బ్రాకెట్ చేయించి పొడవాటి బెల్టు వేయాలా, లేక బ్యాటరీతో నడిచే హైడ్రాలిక్ పంపు పెట్టాలా? రెండోది బిగించడం సులువే. కానీ బండలెక్కేటప్పుడు ఇంజిను దాదాపు ఐడిల్‌లోనే (కనీస వేగంలోనే) ఉంటుంది కదా, ఆల్టర్నేటర్ అంత కరెంటు ఇవ్వగలదా?

ఇంకొకటి. పాత స్టీరింగ్ కంట్రోలర్ తీసేస్తే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసేది) లైట్లు వెలుగుతాయంటున్నారు. స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సారును మాత్రం ఉంచితే సరిపోతుందా?

స్వయంగా చేసి చూసినవారు చెప్పండి. చిన్న టైర్లు వేసుకోమని మాత్రం అనకండి, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను.