ఎగిరే పిట్టను వదిలేసి వెనక కిక్కిస మీద ఫోకస్ పడుతోంది – మిర్రర్‌లెస్‌లో ఏం మార్చాలి?

నీటిఅంచు:

అందరికీ నమస్కారం. ఆటపాకలో గూడబాతులు, కొంగలు నీళ్ల మీద తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు తీస్తే చాలా ఫ్రేముల్లో పిట్ట మెత్తగా వస్తోంది. వెనకున్న కిక్కిస మాత్రం పోచ పోచ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటోంది. వెనక ఆకాశం ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్ బాడీ, 500 ఎంఎం దాకా వెళ్లే జూమ్, ఆ చివర ఎఫ్ 7.1. కంటిన్యువస్ ఏఎఫ్ (ఆగకుండా వెంబడించే ఆటోఫోకస్), బర్డ్ డిటెక్షన్ ఆన్, ఏఎఫ్ ఏరియా మొత్తం ఫ్రేమ్. షట్టర్ 1/1600, ఎలక్ట్రానిక్, సెకనుకు 30 ఫ్రేములు. ఫోకస్ వెనక్కి జారకూడదని ట్రాకింగ్ సెన్సిటివిటీని పూర్తిగా లాక్డ్ ఆన్ వైపు పెట్టాను.

ఇంకో రెండు సమస్యలు. కొమ్మల్లో కూర్చున్న లకుముకి, తేనెపిట్ట లాంటివాటికి కంటి మీద బాక్స్ చక్కగా వస్తుంది, ఫొటో తెరిచి చూస్తే కన్ను షార్ప్‌గా ఉండదు. పులికాట్‌లో దూరంగా ఉన్న ఫ్లెమింగోలైతే ఒక్క ఫ్రేమూ షార్ప్‌గా రాలేదు. లెన్స్ సర్వీసుకు ఇవ్వాలా, సెట్టింగులతో సరిపోతుందా? మా గ్రూపులో కానన్, సోనీ, నికాన్ మూడూ వాడేవాళ్లున్నారు. మెనూ పేర్లు మూడింటికీ చెబితే అందరికీ పనికొస్తుంది.

గద్దకన్ను:

నీటిఅంచు గారూ, సెట్టింగులు ముట్టుకునే ముందు పాడైన ఫొటోలను 100 శాతం జూమ్‌లో చూసి వేరు చేయండి. మెత్తగా వచ్చిన ప్రతి ఫొటోనూ ఆటోఫోకస్ ఖాతాలో వేస్తే సమస్య ఎప్పటికీ దొరకదు.

ఫ్రేములో ఎక్కడో ఒకచోట, గడ్డి కావచ్చు, నీళ్లు కావచ్చు, పిట్ట తోక కావచ్చు, షార్ప్‌గా ఉంటే అది ఫోకస్ తప్పు. కన్ను బాగుండి రెక్కల చివర్లు మాత్రమే చెదిరితే షట్టర్ చాలలేదని. అన్నీ ఒకే దిశలో సాగినట్టుంటే చేయి కదిలింది. ఎక్కడా ఏదీ షార్ప్‌గా లేక, అంచులు రెండేసిగా, వంకరటింకరగా ఉంటే అది వేడిగాలి. ఈ నాలుగింటికీ మందులు వేరు.

తర్వాత ఆ ఫ్రేములో ఏఎఫ్ పాయింట్ ఎక్కడుందో చూడండి. కానన్ ప్లేబ్యాక్ మెనూలో ‘ఏఎఫ్ పాయింట్ డిస్‌ప్లే’ ఉంటుంది, నికాన్‌లో ప్లేబ్యాక్ డిస్‌ప్లే ఆప్షన్లలో ‘ఫోకస్ పాయింట్’ టిక్ చేయాలి. సోనీ కొత్త బాడీల్లోనూ ప్లేబ్యాక్‌లో ఫోకస్ ఫ్రేమ్ చూపించే ఆప్షన్ ఉంది. కంప్యూటర్లో అయితే కంపెనీ వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్లే చూపిస్తాయి: కానన్‌కు డీపీపీ, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్ వ్యూయర్, నికాన్‌కు ఎన్ఎక్స్ స్టూడియో. వరసగా తీసిన ఫ్రేముల్లో మొదటిదాన్నుంచి చూసుకుంటూ రండి. మొదట పిట్ట మీదుండి తర్వాత జారిందా, మొదటి నుంచే కిక్కిస మీదుందా అన్నది తేలితే సగం పని అయినట్టే.

30 ఫ్రేముల ఎలక్ట్రానిక్ షట్టర్ గురించి కూడా ఒక మాట. స్టాక్డ్ (చాలా వేగంగా చదివే రకం) కాని సెన్సర్ మొత్తాన్ని చదవడానికి కొన్ని బాడీల్లో దాదాపు సెకనులో 30వ వంతు పడుతుంది. ఆలోగా రెక్క ఎక్కడికో పోతుంది, ఫొటోలో వంగిపోయి కనిపిస్తుంది. పైగా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఫోకస్ లెక్క కట్టడానికి కెమెరాకు ఖాళీ దొరకదు. అలాంటి బాడీలో మెకానికల్ గానీ, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ గానీ పెట్టి 12–15 ఫ్రేములతో తీయండి. ఫ్రేములు తగ్గినా పనికొచ్చేవి పెరుగుతాయి. గూడబాతుకు 1/1600 చాలు. లకుముకి, పసిరిక పిట్టలు ఎగిరేటప్పుడు 1/3200కు తగ్గకండి, ఐఎస్ఓ ఎంత పెరిగినా పెరగనివ్వండి. నాయిజ్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు.

నీటిఅంచు:

చూశాను గద్దకన్ను గారూ. కిక్కిస ముందు తీసిన వరసల్లో చాలావాటిలో మొదటి ఫ్రేమ్ నుంచే పాయింట్ గడ్డి మీద ఉంది. ఆఖరి దాకా అక్కడే ఉండిపోయింది.

పసిరిక:

అదే అనుకున్నాను. మీ లాక్డ్ ఆన్ సెట్టింగే మీకు ఎదురు తిరుగుతోంది. ఆ సెట్టింగ్ కెమెరాకు చెప్పేది ‘పిట్టను వదలొద్దు’ అని కాదు, ‘ఇప్పుడు పట్టుకున్నదాన్ని వదలొద్దు’ అని. మొదట పట్టుకున్నది గడ్డి అయితే గడ్డినే గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ముందు దాన్ని మధ్యకు తెండి: కానన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ 0, సోనీలో ‘ఏఎఫ్ ట్రాకింగ్ సెన్సిటివిటీ’ 3, నికాన్‌లో ‘ఫోకస్ ట్రాకింగ్ విత్ లాక్-ఆన్’ కింద బ్లాక్డ్ షాట్ రెస్పాన్స్ 3. పిట్టకూ మీకూ మధ్య కొమ్మలో, స్తంభాలో అడ్డొచ్చే చోట మాత్రమే లాక్డ్ వైపు జరపండి.

అసలు కారణం మాత్రం మీరు బటన్ నొక్కే ముందు లెన్స్ ఏ దూరంలో ఆగి ఉందన్నది. ఇంతకుముందు గడ్డి మీదో, అవతలి గట్టు మీదో ఆగి ఉంటే వ్యూఫైండర్‌లో గడ్డి షార్ప్‌గా, పిట్ట ఒక మసక మచ్చలా కనిపిస్తుంది. మసక మచ్చలో పక్షి ఆకారాన్ని డిటెక్షన్ గుర్తుపట్టలేదు. ఫోకస్ దూరాన్ని కొలిచే ఫేజ్ డిటెక్షన్‌కు గడ్డిలో కావలసినంత కాంట్రాస్ట్ ఉంది, ఫోకస్ కుదిరింది అనుకుని ఆగిపోతుంది. ఆకాశంలో అలా పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అక్కడ మీకు ఇబ్బంది రావట్లేదు.

కాబట్టి పిట్ట రాకముందే, అది దాటిపోతుందనుకున్న దూరం కన్నా కాస్త ఇవతల ఉన్న మోడు మీదో, గుర్రపుడెక్క మీదో ఫోకస్ చేసి పెట్టుకోండి. ఇవతలే పెట్టడం ముఖ్యం. అప్పుడు వెనక గడ్డి బాగా కరిగిపోయి ఆశ పెట్టదు, పిట్ట కొద్దిగానే మసకగా ఉంటుంది, డిటెక్షన్‌కు ఆకారం అందుతుంది.

అయినా వెనక్కి పోయిందనుకోండి, బటన్ అలాగే నొక్కి పట్టుకుంటే లాభం లేదు. వదిలేయండి, ఫోకస్ రింగును దగ్గర వైపు తిప్పండి, మళ్లీ నొక్కండి. ఏఎఫ్‌లో ఉండగానే రింగు పనిచేయాలంటే కానన్ ఆర్ఎఫ్ లెన్సులకు మెనూలో ‘ఎలక్ట్రానిక్ ఫుల్-టైమ్ ఎంఎఫ్’, సోనీ కొత్త బాడీల్లో ‘ఫుల్ టైమ్ డీఎంఎఫ్’ ఆన్ చేయాలి. నికాన్ జడ్ లెన్సుల్లో చాలావాటికి విడిగా ఏమీ అక్కర్లేదు. ఈ ఒక్క అలవాటు వేళ్లకు పట్టిందంటే ఏ సెట్టింగూ ఇవ్వలేని ఫలితం ఇస్తుంది.

ఏరియా కూడా మార్చండి. మొత్తం ఫ్రేమ్ ఆకాశానికి సరే. గడ్డి ముందు జోన్ (ఫ్రేములో కొంత భాగం మాత్రమే) పెట్టి, పట్టుకున్నాక ఫ్రేమంతా వెంబడించేలా చేసుకోవాలి. కానన్‌లో ఫ్లెక్సిబుల్ జోన్ పెట్టి ‘హోల్ ఏరియా ట్రాకింగ్ సర్వో ఏఎఫ్’ ఆన్ చేయండి. సోనీలో ‘ట్రాకింగ్: జోన్’. నికాన్‌లో వైడ్-ఏరియా ఎల్, జడ్ 8, జడ్ 9 ఉంటే కొలతలు మనమే పెట్టుకునే సీ1, సీ2 ఇంకా మేలు. నికాన్‌లో డిటెక్షన్‌ను ఆటోలో వదిలేయకుండా ‘బర్డ్’ ఎంచుకోండి. జడ్ 9కు అది 2023లో 4.10 ఫర్మ్‌వేర్‌తో, జడ్ 8కు 2024లో 2.00తో వచ్చింది. పాత ఫర్మ్‌వేర్ అయితే మెనూలో కనిపించదు.

లెన్స్ మీద లిమిటర్ స్విచ్ మరచిపోవద్దు. కానన్ 100-500కు 3 మీటర్ల నుంచి, నికాన్ 180-600కు 6 మీటర్ల నుంచి, సోనీ 200-600కు 10 మీటర్ల నుంచి అనంతం దాకా పరిమితం చేయొచ్చు. లెన్స్ ఈ చివర నుంచి ఆ చివరకు వెతుక్కుంటూ పోయే సమయం ఆదా అవుతుంది.

తుమ్మకొమ్మ:

పసిరిక గారు చెప్పినదానికి తోడు రెండు బటన్ల పద్ధతి. ఏఎఫ్-ఆన్ బటన్‌కు జోన్ + బర్డ్ డిటెక్షన్, పక్కనున్న బటన్‌కు డిటెక్షన్ లేని చిన్న పాయింట్ ఇవ్వండి. కానన్‌లో బటన్ కస్టమైజేషన్‌లో ‘మీటరింగ్ అండ్ ఏఎఫ్ స్టార్ట్’ ఎంచుకుని ఇన్ఫో నొక్కితే ఆ బటన్‌కు విడిగా ఏరియా ఇవ్వొచ్చు. నికాన్‌లో ‘ఏఎఫ్-ఏరియా మోడ్ + ఏఎఫ్-ఆన్’. సోనీలో ఒక బటన్‌కు ‘ట్రాకింగ్ ఆన్ + ఏఎఫ్ ఆన్’ ఇచ్చి, మామూలు ఏరియాను స్పాట్‌గా ఉంచుకోవచ్చు. చిన్న పాయింట్‌తో పిట్ట ఒంటి మీద ఒక్క క్షణం ఫోకస్ తెచ్చి, వేలు పక్క బటన్‌కు జరిపితే కెమెరా కన్ను వెతుక్కుంటుంది.

ఇక కూర్చున్న పిట్టల సంగతి. కంటి మీద బాక్స్ వచ్చిందంటే కన్నును కనిపెట్టిందని అర్థం, ఫోకస్ అక్కడ కుదిరిందని కాదు. సోనీలో ఈ తేడా రంగులోనే తెలుస్తుంది: తెల్ల బాక్స్ అంటే గుర్తించింది, ఆకుపచ్చ అంటే కుదిరింది. చాలా బాడీల్లో కంటిన్యువస్ ఏఎఫ్ ఫోకస్ కుదరకపోయినా క్లిక్ మనిపిస్తుంది. నికాన్‌లో ‘ఏఎఫ్-సీ ప్రయారిటీ సెలెక్షన్’ రిలీజ్ మీద ఉంటుంది, కూర్చున్న పిట్టలకు ఫోకస్‌కు మార్చండి. సోనీలో ‘ఏఎఫ్-సీ ప్రయారిటీ సెట్’ను ఏఎఫ్‌కు. ఫ్రేముల వేగం తగ్గుతుంది, కూర్చున్న పిట్టకు అది నష్టం కాదు.

ఎంత లోతు షార్ప్‌గా ఉంటుందో కూడా లెక్క వేసుకోండి. ఫుల్ ఫ్రేమ్‌లో 600 ఎంఎం, ఎఫ్ 6.3 వద్ద 10 మీటర్ల దూరంలో ముందూ వెనకా కలిపి సుమారు 10 సెంటీమీటర్లు. అందులోనూ నిజంగా పదునైనది మధ్య భాగమే. పిట్టకు ముందు ఒక ఆకు ఒక జానెడు ఇవతల ఉంటే, ఫోకస్ ఆకు మీదికి పోయినప్పుడు కన్ను పోయినట్టే. ఆకుల మధ్య డిటెక్షన్ ఆపేసి, అతి చిన్న పాయింట్‌ను కంటి మీద పెట్టడమే మంచిది.

ఇంకొకటి చాలామంది గమనించరు. ఎక్కువ మిర్రర్‌లెస్ సెన్సర్లలో ఫేజ్ డిటెక్షన్ నిలువు గీతలను బాగా పడుతుంది, అడ్డ గీతలను సరిగా పట్టదు. ఓఎం-1, కానన్ ఆర్1 లాంటి కొన్ని బాడీలకే రెండు దిశల్లోనూ చూసే ఏర్పాటుంది. పిట్ట ఒంటి మీద అడ్డ చారలే ఉండి లెన్స్ ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, కెమెరాను కొద్దిగా పక్కకు వంచి ఫోకస్ తెచ్చుకుని మళ్లీ నిలబెట్టండి.

నీటికాకి, ఏట్రింత లాంటి నల్ల పిట్టలకు కన్ను ఈకల్లో కలిసిపోతుంది. ఎండ మీ వెనక నుంచి పడే చోటికి మారండి. వెనక ఆకాశం తెల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 నుంచి +2 దాకా ఇవ్వండి.

ఉప్పుగాలి:

పులికాట్ సంగతి నేను చెబుతాను. అది కెమెరా సమస్య కాదు, ఏ సెట్టింగుతోనూ పోదు. ఎండెక్కిన తర్వాత ఆరిన బురద మీద నుంచి లేచే వేడిగాలి కాంతిని అటూ ఇటూ వంచుతుంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి పెరుగుతుంది. అంచులే కదులుతుంటే ఏఎఫ్ దేన్ని పట్టుకుంటుంది? వ్యూఫైండర్‌ను 10 రెట్లు పెద్దది చేసి చూడండి. ఫ్లెమింగో కాళ్లు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయంటే ఇక తీయడం ఆపేయొచ్చు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కదా, చాలామంది కారు ఆపి తారు రోడ్డుకు అవతల ఉన్న పిట్టలను రోడ్డు మీదుగా తీస్తారు. అది అన్నిటికన్నా చెడ్డ కోణం. పిట్టలున్న వైపు అంచుకు వెళ్లి, మధ్యలో నీళ్లుండేలా చూసుకోండి. తెల్లవారాక మొదటి గంట, గంటన్నరే మంచి సమయం, మబ్బు పట్టిన రోజైతే ఇంకాసేపు దొరుకుతుంది.

కారులోంచి తీస్తే ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, లోపలి గాలీ బయటి గాలీ ఒకటయ్యేదాకా ఆగండి. కిటికీ దగ్గర చల్లగాలీ వేడిగాలీ కలిసే చోటే లెన్స్ పెడితే పది మీటర్ల దూరంలో ఉన్న కొంగ కూడా మెత్తగానే వస్తుంది. ఇంజన్ కూడా ఆపేయాలి, బానెట్ మీదుగా తీయకూడదు. లెన్స్ ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి.

గద్దకన్ను:

సర్వీసు సంగతి తేల్చుకోవడానికి ఒక పరీక్ష. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజర్ ఆపి, 10–15 మీటర్ల దూరంలో గోడకు న్యూస్‌పేపర్ అంటించండి. ఫుల్ ఓపెన్ అపెర్చర్, 1/1000, రెండు సెకన్ల టైమర్, సింగిల్ పాయింట్. రింగును దగ్గర చివరకు తిప్పి ఏఎఫ్‌తో పది ఫ్రేములు, అనంతం చివరకు తిప్పి పది, ప్రతి ఫ్రేముకూ ముందు మళ్లీ తిప్పాలి. ఆఖర్న వ్యూ పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసి మూడు. చేత్తో చేసినవి బాగుండి ఏఎఫ్‌వి ఒక్కోటి ఒక్కోలా ఉంటే లెన్స్‌నో మౌంటునో చూపించాలి. చేత్తో చేసినవే ఒక పక్క మెత్తగా ఉంటే గాజు కదిలి ఉండొచ్చు. అన్నీ ఒకేలా షార్ప్‌గా ఉంటే సర్వీసు ఖర్చు అనవసరం. సెన్సర్ మీదే ఫోకస్ కొలుస్తుంది కాబట్టి డీఎస్ఎల్ఆర్‌ల నాటి మైక్రో అడ్జస్ట్‌మెంట్ (లెన్స్‌కు తగ్గట్టు ఫోకస్‌ను ముందుకో వెనక్కో సరిచేసుకోవడం) బాధ ఇక్కడ ఉండదు.

అడాప్టర్ వాడేవాళ్లు పరీక్షకు ముందే లెన్స్, అడాప్టర్, బాడీ మూడింటి ఫర్మ్‌వేర్ చూసుకుని, బంగారు రంగు కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో తుడవండి.

నీటిఅంచు:

పేపర్ పరీక్షలో అన్నీ ఒకేలా వచ్చాయి, లెన్స్ బాగానే ఉంది. అందరికీ చాలా థాంక్స్. ఒక్క సందేహం మిగిలింది: దూరంగా ఉన్నవాటికి 1.4 టెలికన్వర్టర్ (లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి దృశ్యాన్ని 1.4 రెట్లు పెద్దది చేసేది) పెడితే పిట్ట పెద్దగా కనిపించి డిటెక్షన్ మెరుగవుతుందా?

పసిరిక:

మీ జూమ్‌కైతే వద్దంటాను. ఎఫ్ 7.1 కాస్తా ఎఫ్ 10 అవుతుంది, సెన్సర్‌కు చేరే వెలుతురు సగానికి పడిపోతుంది, ఫోకస్ నెమ్మదిస్తుంది. దృశ్యం ఇరుకై ఎగిరే పిట్టను ఫ్రేములోకి తెచ్చుకోవడమే కష్టమవుతుంది, వేడిగాలి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. కానన్ ఆర్ఎఫ్ 100-500 అయితే కన్వర్టర్ పెట్టాక 300 కన్నా కిందికి జూమ్ వెనక్కి రాదు కూడా. కిక్కిస ముందు ఎగిరేవాటికి మీరు చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: 300 దగ్గర పిట్టను పట్టుకుని, ఫోకస్ కుదిరాక 500కు జూమ్ చేయండి. కన్వర్టర్‌ను ఎండ నేరుగా పడే ఉదయాల్లో, దగ్గర్లో కదలకుండా కూర్చున్న పిట్టలకు ఉంచుకోండి.