అప్‌డేట్: ఉబుంటు 24.04లో ఆప్ట్ సోర్స్ ఎర్రర్ పోయింది

ఆప్ట్ సోర్స్ (ప్యాకేజీ సోర్స్ కోడ్ దించే కమాండ్) కొడితే డెబ్-ఎస్‌ఆర్‌సీ లైన్లు (సోర్స్ కోడ్ ఎక్కడి నుంచి తేవాలో చెప్పేవి) లేవంటోందని, అప్‌గ్రేడ్‌లో కొన్ని ప్యాకేజీలు ఆగిపోతున్నాయని ఇంతకుముందు అడిగాను, రెండూ తేలాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్లో ఆ లైన్ల ముందున్న హ్యాష్ గుర్తులు తీసేయమన్న మొదటి సలహా పాత వెర్షన్ల మాట, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన 24.04లో ఆ ఫైల్లో కామెంట్ తప్ప ఏమీ ఉండదు. పనిచేసింది రెండో సలహా: సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్లోని ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైల్ తెరిచి, టైప్స్ దగ్గర డెబ్ పక్కన ఖాళీ వదిలి డెబ్-ఎస్‌ఆర్‌సీ అని చేర్చి (కింద సెక్యూరిటీ సెక్షన్ ఇంకోటి ఉంటుంది, అక్కడ కూడా), ఆప్ట్ అప్‌డేట్ చేస్తే చాలు. డీపీకేజీ-డెవ్ అనే ప్యాకేజీ కూడా వేసుకోండి, లేకపోతే సోర్స్ ఫైళ్లు దిగుతాయి గానీ ఫోల్డర్‌గా విడిపోవు. నేను లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) సోర్స్ అడిగితే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరుతో దిగింది, అదేం తప్పు కాదు, ఒకే సోర్స్ నుంచి చాలా ప్యాకేజీలు తయారవుతాయి. నేను వెతుకుతున్న సెక్యూరిటీ ప్యాచ్ లోపలి డెబియన్ ఫోల్డర్లో, ప్యాచెస్‌లో కనబడింది.

ఆగిన ప్యాకేజీలకీ దీనికీ సంబంధమే లేదు. కొందరు చెప్పినట్టు మిర్రర్ (ప్యాకేజీలు దిగే సర్వర్) మార్చడం దండగ. అవి ఫేజ్డ్ అప్‌డేట్లు, అంటే కొంతమందికి ముందు, కొంతమందికి తర్వాత ఇస్తారు. ఆప్ట్ పాలసీ, పక్కన ప్యాకేజీ పేరు కొడితే ఎంత శాతం వరకు వచ్చిందో చూపిస్తుంది. టెన్షన్ పడి బలవంతంగా ఎక్కించకుండా వదిలేశాను, తర్వాత మామూలు అప్‌గ్రేడ్‌లోనే వచ్చేశాయి.