వరదలో తడిసిన ఫోటోలు: ఇంట్లోనే ప్రింట్ తీసి గోడకు పెట్టుకోవాలనుంది, ఎలా?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ)

నమస్కారమండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం, బట్టలు, గ్యాస్ బండ మేడ మీదికి చేర్చుకున్నాం. బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక చూస్తే నాలుగు ఆల్బమ్‌లూ ముద్దయిపోయి ఉన్నాయి. పారేద్దామంటే మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. ఆవిడే కూర్చుని ఒక్కొక్కటీ విడదీస్తే, నేను చాప మీద ఆరబెట్టాను. 46 ఫోటోలు దక్కాయి. మావయ్యగారు పోయి పదకొండేళ్లయింది. ఆయనవి ఏడే మిగిలాయి. అందులో ఒకటి 1992 కృష్ణా పుష్కరాల్లో తీయించుకున్నది.

వాటిని స్కాన్ చేయించాను. పిల్లల ప్రాజెక్టుల కోసం కొన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఇంట్లోనే ఉంది కదా అని మెరిసే ఫోటో పేపర్ తెచ్చి తీసి చూశాను. స్క్రీన్ మీద బాగున్న ముఖం కాగితం మీద నల్లగా వచ్చింది. వేలు తగిలితే నల్ల ఇంకు చెదిరిపోతోంది. పాత ఫ్రేములో ఉన్న అసలు ఫోటో ఒకటైతే వరదలో తడిసి అద్దానికే అతుక్కుపోయింది.

అత్తయ్యగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఆయన కనపడాలంటున్నారు. ఆ గోడకు వరద చెమ్మ ఇంకా పోలేదు, సున్నం పెచ్చులు రాలుతోంది. నేనేం చేయాలో కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు)

అమ్మా, నేను ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. నలుపు తెలుపు ఫోటోలు నా చేత్తో డార్క్‌రూమ్‌లో కడిగినవాణ్ని. మీరు రాసింది చదివి ఆ చాపను తల్చుకుంటూ చాలాసేపు ఉండిపోయాను.

ముందు ఆ అద్దానికి అతుక్కున్న ఫోటో సంగతి. దయచేసి లాగకండి. ఫోటో బొమ్మంతా జెలటిన్ పొరలో ఉంటుంది. తడిసి ఆరితే అది జిగురులా పట్టేస్తుంది, లాగితే ముఖమే ఊడి అద్దానికి వస్తుంది. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి స్కాన్ చేయించండి. చాలావరకు బాగానే వస్తుంది.

స్కాన్ ఎంత డీపీఐలో, అంటే అంగుళానికి ఎన్ని చుక్కల చొప్పున చేయించారో రాయలేదు. మూడున్నర అంగుళాలు, ఐదు అంగుళాల పాత ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2100, 3000 పిక్సెళ్లు వస్తాయి. ప్రింట్‌కి అంగుళానికి 300 చొప్పున లెక్కేస్తే 7×10 అంగుళాల దాకా హాయిగా పెద్దది చేసుకోవచ్చు. ఫైళ్లు మీకు వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా వచ్చి ఉంటే మాత్రం అది చిన్నది చేసి పంపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

ఇక నల్లగా రావడం. మన స్క్రీన్లు చాలా వెలుగుతో ఉంటాయి. వెలుగు సగానికి తగ్గించి చూడండి, మీకు కాగితం మీద కనిపించిన నలుపే అక్కడా కనిపిస్తుంది. అప్పుడు ఫోటోను కొంచెం తెల్లబరిచి ప్రింట్ ఇవ్వండి. ఒకేసారి పెద్ద కాగితం పాడు చేసుకోకండి. డార్క్‌రూమ్‌లో మేం ముందు చిన్న ముక్క మీద పరీక్ష చేసుకునేవాళ్లం, తర్వాతే పెద్ద పేపర్ పెట్టేవాళ్లం. మీరూ అంతే చేయండి. ఒక 4×6 కాగితం మీద ఆయన ముఖం ఒక్కటే నాలుగు సార్లు, ఒక్కోసారి కొంచెం కొంచెం వెలుగు పెంచి తీయండి. పగటి వెలుతురులో గుమ్మం దగ్గర నిలబడి చూసి ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేది అత్తయ్యగారైతే ఇంకా మంచిది. ఆయన రంగు ఆవిడకే బాగా తెలుసు.

ఇంకు చెదరడానికి కారణం దాదాపుగా సెట్టింగే. ప్రింట్ ఇచ్చేటప్పుడు పేపర్ రకం ‘ప్లెయిన్’ అని ఉండిపోయి ఉంటుంది. కొన్ని ప్రింటర్లలో నల్ల ఇంకు పిగ్మెంట్ (సన్నని రంగు పొడి కలిపినది), రంగు ఇంకులు డై (రంగు పూర్తిగా కరిగినవి). ఆ నల్ల ఇంకు మామూలు కాగితంలోకి ఇంకుతుంది గానీ మెరిసే కాగితం మీద పైపైనే ఉండిపోతుంది. ‘ఫోటో పేపర్’ అని మార్చండి. అలాగే మెరిసేది కాకుండా మ్యాట్, లేదా సన్నని గరుకు ఉండే లస్టర్ పేపర్ తీసుకోండి, 240 జీఎస్ఎం (కాగితం మందాన్ని తెలిపే బరువు కొలత) పైన. మెరిసే కాగితం మీద ట్యూబ్‌లైట్ పడితే పెద్దావిడ కళ్లకు ఆ మెరుపే కనిపిస్తుంది, ఆయన కనిపించరు.

పాత కలర్ ఫోటోలు ఎర్రగా మారిపోయి ఉంటాయి. రంగు సరిచేయడానికి ప్రయత్నించండి. కుదరకపోతే నలుపు తెలుపులోకి మార్చేయండి. రంగు చచ్చిన ఫోటోలో కూడా ముఖం బతికే ఉంటుంది.

జవాబు (భవానీపురం, విజయవాడ)

పైన పెద్దాయన చెప్పినవన్నీ నిజమే. ఒక్క విషయంలో నాది వేరే మాట. గోడకు ఎక్కే పెద్ద ఫోటో ఒక్కటీ ల్యాబ్‌లో తీయించండి. ఇంట్లో వాడే డై ఇంకు ప్రింట్ మీద నీటి చుక్క పడితే రంగు పాకుతుంది, వెలుతురుకు త్వరగా వెలుస్తుంది. ఒకసారి నీళ్లలో పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ ఆ భయంతో ఉండకూడదు. ల్యాబ్‌లో కాగితాన్ని వెలుతురుతో ముద్రించి రసాయనాల్లో కడుగుతారు, అందులో ఇంకు ఉండదు. ఇప్పుడు కొన్ని ల్యాబ్‌ల్లోనూ ఇంకు మిషన్లే వచ్చాయి కాబట్టి అడిగి ఇవ్వండి. చిన్నవి ఇంట్లో తీసుకోండి, పాడైనా ఫైల్ ఉంటుంది, మళ్లీ తీసుకోవచ్చు.

ప్రింటర్‌ను మాత్రం ఊరికే ఉంచకండి. మన ఎండాకాలంలో నెల రోజులు వదిలేస్తే నాజిల్స్‌లో, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల్లో, ఇంకు ఎండిపోయి గీతలు వస్తాయి. వారానికి ఒక కలర్ కాగితమైనా తీయండి.

పటం కట్టించేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఫోటోకీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట) వేయమనండి. ఆ సందు లేకనే మీ ఫోటో అద్దానికి అతుక్కుంది. వెనక పాత న్యూస్‌పేపర్ పెట్టొద్దనండి. అందులోని ఆమ్లం ఫోటోకి ఎక్కి పసుపు తిరుగుతుంది. ఇంట్లో తీసిన ప్రింట్ అయితే ఒక రోజంతా తెల్లకాగితం కప్పి ఆరనిచ్చాకే పటం కట్టించండి, లేకపోతే అద్దం లోపల మసక పడుతుంది.

గోడ ఆరిందో లేదో చూడటానికి ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి, మర్నాడు తీయండి. గోడ వైపు తడి కనిపిస్తే ఆ గోడ ఇంకా వద్దు. మా అమ్మగారి పటం అలాంటి గోడకే పెట్టి రెండు వానాకాలాల్లో బూజు పట్టించుకున్నాను. ఇప్పుడు ఏ పటానికైనా వెనక కింది మూలల్లో రెండు రబ్బరు ముక్కలు అతికిస్తాను. గోడకు ఆనకుండా గాలి ఆడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ నమస్కారాలు. పాలిథిన్ పరీక్ష చేశాను, లోపల చెమట పట్టినట్టు నీళ్లు. అందుకని ఆ గోడ వదిలేసి అత్తయ్యగారి కుర్చీనే తిప్పాం. ఇప్పుడు ఆవిడ ఎదురుగా నడిమింటి గోడ ఉంది. బయటివైపు కాదు కాబట్టి పొడిగా ఉంది.

ముఖం నాలుగు రకాలుగా తీసి చూపిస్తే ఆవిడ మూడోది పట్టుకుని, ‘పొలం నుంచి వచ్చాక ఈ రంగులో ఉండేవారు’ అన్నారు. అదే 8×10 ల్యాబ్‌కి ఇచ్చాను. పటం కూర్చున్నవాళ్ల కంటికి సరిపోయేలా, మామూలుకన్నా జానెడు కిందికి పెట్టాం. మిగతావి ఇంట్లో 4×6 తీసి, పురికొస తాడు కట్టి చెక్క క్లిప్పులకు తగిలిస్తున్నాను. ఆవిడ అడిగినప్పుడల్లా మారుస్తాను. పేర్లు చెబుతుంటే ఫోటోల వెనక రాసి పెడుతున్నాను.

పుష్కరాల ఫోటోలో మావయ్యగారి చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడున్నాడు. ఎవరో అత్తయ్యగారికీ గుర్తు రావడం లేదు.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు)

పేర్లు మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయమ్మా. బాల్‌పెన్ నొక్కితే ముందువైపు గీత పడుతుంది. ఆ పుష్కరాల ఫోటో వెనక రబ్బరు స్టాంపు ఏమైనా ఉందేమో ఏటవాలు వెలుతురులో పట్టి చూడు. తడిసినా కొన్నిసార్లు ఆనవాలు మిగులుతుంది. స్టూడియో ఊరు తెలిస్తే ఆ రోజు మీవాళ్లతో ఎవరు వచ్చారో అత్తయ్యగారికి గుర్తు రావచ్చు.