"ఒకప్పుడు సెక్యులర్ అనేది లేదు": ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఆంగ్లికన్ వేదాంతి జాన్ మిల్‌బ్యాంక్ 1990లో రాసిన 'థియాలజీ అండ్ సోషల్ థియరీ'లో మొదటి వాక్యం ఇది. నేను "ఒకప్పుడు లౌకికం లేదు" అని రాసుకున్నాను. చదివిన మిత్రుడు "లోకం ఎప్పుడూ ఉన్నదే కదా, లౌకికం లేకపోవడం ఏమిటి?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మీ మిత్రుడు సరిగ్గా పట్టుకున్నారండి. లౌకికం అనగానే మనకు వైదికానికి ఎదురుగానో, పారలౌకికానికి ఎదురుగానో ఎప్పటినుంచో ఉన్న ఒక పక్క గుర్తుకొస్తుంది. పతంజలి తన సంస్కృత వ్యాకరణ గ్రంథం మహాభాష్యం మొదట్లోనే ఏ శబ్దాలు అంటే "లౌకికానాం వైదికానాం చ" అంటాడు. అంత పాత మాట పెట్టి "ఇది ఒకప్పుడు లేదు" అంటే ఎవరికైనా అడ్డు తగులుతుంది.

మిల్‌బ్యాంక్ మాట వేరు. సెక్యులర్‌కు మూలమైన లాటిన్ సేక్యులుమ్‌కు అర్థం యుగం, కాలం. మధ్యయుగాల క్రైస్తవులకు అది చోటు కాదు, వ్యవధి అంటాడాయన: ఆదాము పతనం నుంచి కడవరి తీర్పు దాకా నడిచే కాలం. రాజు శిక్షించడం, ఆస్తి నాది నీది అనుకోవడం, మసకబారిన బుద్ధితోనే నెట్టుకురావడం, ఇవన్నీ ఆ కాలానికి చెందిన సర్దుబాట్లు. దేవుడితో పనిలేని ఒక ప్రత్యేక రంగం అనే ఊహ అందులో లేదు. ఊళ్లో జనం మధ్య ఉండి పూజ జరిపే క్రైస్తవ గురువును (ఫాదరును) కూడా సెక్యులర్ అనే పిలిచేవారు. మఠ నియమానికి కట్టుబడినవాడు కాదని మాత్రమే దాని అర్థం.

ఇక్కడే మన తెలుగు బైబిలు ఆసక్తికరమైన సాక్ష్యం ఇస్తుంది. రోమా 12:2లో "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక" అని ఉంది. మత్తయి 28:20లో "యుగసమాప్తి వరకు సదాకాలము మీతోకూడ ఉన్నాను" అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా మాట ఒకటే, అయోన్. లాటిన్ బైబిలులోనూ రెండుచోట్లా సేక్యులుమే. మనవాళ్లు ఒకచోట లోకం అన్నారు, ఇంకోచోట యుగం అన్నారు. "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అన్నచోట ఉన్నది పూర్తిగా వేరే మాట, కాస్మోస్. రెండు గ్రీకు మాటలు తెలుగులో ఒకే లోకంలో కలిసిపోయాయి. రోమా పత్రికలో "ఈ యుగ మర్యాదను" అని చదివి చూడండి. పౌలు మనల్ని తప్పించుకోమంటున్నది ఒక చోటునుంచి కాదు, గతించిపోయే ఒక కాలపు తీరునుంచి అని వెంటనే తెలుస్తుంది. నాకు ఈ తేడా చాలా ముఖ్యంగా తోస్తుంది.

ఇప్పుడు ఆయన రెండో వాక్యం చూడండి. సెక్యులర్ అనేది ఎక్కడో అణగి ఉండి, పవిత్రత ఒత్తిడి సడలగానే 'కేవలం మానుషం' అనే ఆవిరిగా ఖాళీలోకి వ్యాపించినది కాదు అంటాడు. దెబ్బ అక్కడ ఉంది. మతం తీసేస్తే మిగిలేదే సహజమైన మనిషి అని ఆధునికులు చెప్పుకునే కథను ఆయన ఒప్పుకోడు. కెనడా తత్వవేత్త చార్ల్స్ టేలర్ కూడా 2007లో ఇలాంటివాటిని తీసివేత కథలన్నాడు. మిగిలింది అనుకున్నదాన్ని నిజానికి ఎవరో ఊహించి, వాదించి, చట్టాలతో కట్టి నిలబెట్టారు. కట్టినదానికి కట్టినవాళ్ల నమ్మకాలు అంటుకునే ఉంటాయి. కనుక సామాజిక శాస్త్రం తటస్థమైన చూపు అనడం కుదరదని ఆయన వాదన.

ఆ నమ్మకాల్లో ఒకదాన్ని ఆయన ప్రత్యేకంగా వేలెత్తి చూపుతాడు: కలహమే మొదటిదనీ, శాంతి దాన్ని అదుపులో పెట్టడమేననీ. ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ రాసిన 1651 నాటి 'లెవయతాన్'లో అందరితో అందరికీ యుద్ధమే మనిషి సహజస్థితి. దీనికి ఎదురుగా మిల్‌బ్యాంక్ నిలబెట్టేది 413లో మొదలై 426లో ముగిసిన, తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీన్ గ్రంథం 'దేవుని నగరం'. అందులో పదిహేనో భాగంలో అగస్టీన్ రెండు హత్యలను పక్కపక్కన పెడతాడు. బైబిలు కథలో కయీను తమ్ముణ్ణి చంపి ఊరు కట్టాడు, రోము పురాణకథలో రోములుస్ తమ్ముణ్ణి చంపి రోము కట్టాడు. భూమ్మీది నగరం పునాది రక్తంలో పడిందని ఒప్పుకుంటూనే, సృష్టికి మొదట ఉన్నది శాంతి, హింస తర్వాత చొరబడింది అంటాడు. ఏది మొదటిది అన్నదాన్ని బట్టి రాజకీయం, ఆర్థికం మొత్తం మారిపోతాయి. మిల్‌బ్యాంక్ పుస్తకంలో నన్ను ఎక్కువగా కదిలించిన భాగం ఇదే.

వ్యాఖ్య: బాగా చెప్పారండీ. కానీ ఇదంతా చివరికి మళ్లీ చర్చి పెత్తనం కావాలనే కదా? వేర్వేరు నమ్మకాలవాళ్లు ఒకచోట బతకాలంటే సెక్యులర్ మాటతీరు తప్పదు.

జవాబు: మీ భయానికి కారణం ఉందమ్మా. మిల్‌బ్యాంక్ మధ్యయుగాలను తలుచుకునేటప్పుడు ఆ కాలపు బలవంతాల మీద చూపు తేలిగ్గా జారిపోతుంది. 2004లో అమెరికన్ పండితుడు జెఫ్రీ స్టౌట్ ఇచ్చిన సమాధానం నాకు గట్టిదిగా కనిపిస్తుంది. పదిమందిలో మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లూ నా దేవుణ్ణే నమ్ముతారని ముందే అనుకోలేను. సెక్యులర్ చర్చ అంటే అంతే, దానికోసం ఎవరూ నాస్తికులు కానక్కర్లేదు అంటాడాయన. ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను. అయితే ఆ మాటతీరు వేరు, 'మనిషికి అసలైన నిజం ఇదే, మతం పైపూత' అనే సిద్ధాంతం వేరు. మిల్‌బ్యాంక్ విమర్శ రెండోదానికి తగులుతుంది. రెంటినీ ఆయన ఒకే గాట కట్టడం నాకు నచ్చదు. అలాగని ఆ విమర్శను పక్కన పెట్టడమూ సరికాదు.

మొదట అడిగినవారు: మరి వాక్యం ఏం చేయను? పుస్తకం ఉపశీర్షిక 'బియాండ్ సెక్యులర్ రీజన్'లో ఉన్న 'సెక్యులర్ రీజన్'ను "లౌకిక హేతువాదం" అనొచ్చా?

జవాబు: హేతువాదం మాత్రం వద్దండి. తెలుగులో అది ఒక ఉద్యమం పేరు. ఆ మాట పెడితే ఇది హేతువాదుల మీద దాడి చేసే పుస్తకం అనుకుంటారు. ఆయన వాదిస్తున్నది బుద్ధికి వ్యతిరేకంగా కాదు, బుద్ధి నమ్మకంతో పనిలేకుండా నిలబడగలదన్న ధీమాకు వ్యతిరేకంగా. "సెక్యులర్ వివేచన" అనండి. మొదటి వాక్యంలో కూడా సెక్యులర్‌ను అలాగే ఉంచి "ఒకప్పుడు 'సెక్యులర్' అనేదే లేదు" అని రాయండి. ఆ తర్వాత సేక్యులుమ్ వచ్చినచోట "ఈ యుగం" పెట్టండి. లౌకికాన్ని రాజ్యాంగం గురించి మాట్లాడేచోటికి దాచుకోవచ్చు.