ఒక్కదాన్నే కోల్‌కతా వెళ్లి వచ్చాను: జూనియర్లను వెళ్లమనాలా, వద్దనాలా?

పలకాబలపం:
గుంటూరులో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నాను. ఏటా మా విభాగం నుంచి బస్సు యాత్ర ఉంటుంది. ఈసారి డబ్బు చాలక రద్దయింది. అశోకుడి కాలం నాటి బ్రాహ్మీ లిపి మీద వ్యాసం రాయాలి కాబట్టి ఆగస్టులో ఒక్కదాన్నే రైలెక్కాను. ఆదివారం రాత్రి హౌరాలో దిగేసరికి కుండపోత వాన. ఒంటరి ఆడపిల్లకు గది ఇవ్వలేమని రెండు లాడ్జీల్లో చెప్పేశారు. రైల్లో పరిచయమైన ఖరగ్‌పూర్ తెలుగావిడ నంబరు ఇచ్చి ఉండటంతో ఫోను చేశాను. ఆవిడ తన చెల్లెలు ఉంటున్న మహిళా హాస్టల్లో మంచం ఇప్పించారు. సోమవారం ఇండియన్ మ్యూజియానికి వెళితే మూసి ఉంది. సాయంత్రం మోకాలి లోతు నీళ్లలో ఎడమ చెప్పు కొట్టుకుపోయింది. బుధవారం జ్వరం.

మిగిలింది మంగళవారం ఒక్కటే. ఆ రోజు మ్యూజియంలో, మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ నుంచి తెచ్చిన బౌద్ధ స్తూపం కంచె చూశాను, ఎర్రరాయి. అందులో చెక్కిన ఒక గుండ్రటి పతకంలో అనాథపిండికుడనే వర్తకుడు బుద్ధుడి కోసం జేతవనమనే తోటను కొంటున్నాడు. ఎడ్లను విప్పేసిన బండి, నేల మీద ఒకదాని పక్కన ఒకటి పరుస్తున్న చదరపు నాణేలు. దాని దగ్గరే బ్రాహ్మీలో ఒక వరుస. గాలిలో వేలు కదుపుతూ కూడబలుక్కున్నాను: ‘అనాధపెడికో దేతి’. దేతి అంటే ఇస్తున్నాడు. రెండు వేల ఏళ్ల నాటి మాట, పక్కన ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. పావుగంట అక్కడి నుంచి కదలలేదు.

ఇప్పుడు జూనియర్లు అడుగుతున్నారు. ఏమి చెప్పమంటారు?

గోంగూరపచ్చడి:
వెళ్లమనండి. చెప్పులు రెండు జతలు పట్టుకెళ్లమనండి.

కొండవీటిచాంతాడు:
అమ్మా, ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లలను యాత్రకు తీసుకెళ్లాను. ఇండియన్ మ్యూజియం సోమవారం ఉండదు. మన సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం ఉండదు, చెన్నై ఎగ్మూరు మ్యూజియం కూడా శుక్రవారమే. రైలు టిక్కెట్టు కొనకముందే ఈ సంగతులు కాగితం మీద ఉండాలి. మూడు రోజుల్లో ఒక రోజు మూసిన తలుపు చూడటానికి పోయిందంటే అది కష్టం కాదు, అజాగ్రత్త. కష్టపడ్డాను అని రాసుకోవడం బాగుంటుంది కానీ, ఆ కష్టంలో సగం నువ్వు కొని తెచ్చుకున్నదే.

తూర్పుగాలి:
ఆ అమ్మాయి బ్రాహ్మీ చదివాను అంటే, మీరు సోమవారం అంటారేమిటి మాస్టారూ?

పాతటికెట్టు:
నాదొక సందేహం. బ్రాహ్మీ కోసం కోల్‌కతా ఎందుకు? భట్టిప్రోలు మీ ఇంటి పక్కనే కదా.

పలకాబలపం:
భట్టిప్రోలులో స్తూపం దిబ్బ ఉందండీ. అక్షరాలు చెక్కిన రాతి పేటికలు చెన్నైలో ఉన్నాయి. అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి, బ్రిటిష్ అధికారి మెకంజీ పంపించిన కొన్ని కోల్‌కతా చేరాయి. మన ఊరి రాళ్లు చూడాలన్నా రైలెక్కవలసిందే.

మాస్టారూ, సోమవారం సంగతి చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రోజు వృథా కాలేదు. బాబూఘాట్ నుంచి హుగ్లీ ఒడ్డున నడుచుకుంటూ ప్రిన్సెప్ ఘాట్‌కు వెళ్లాను. 1837లో అశోకుడి శాసనాల లిపి చదివింది ఆ ప్రిన్సెపే. ఉద్యోగం మాత్రం టంకసాలలో. స్తంభాల మంటపం కింద వాన తగ్గేదాకా కూర్చుని అక్షరాలు మళ్లీ దిద్దుకున్నాను. మ్యూజియం తెరిచి ఉంటే అక్కడికి వెళ్లేదాన్నే కాదు.

కొండవీటిచాంతాడు:
చేతులు కాలాక ఆకులు పట్టుకుని, ఆకులు చల్లగా ఉన్నాయి అన్నట్టుంది. ప్రిన్సెప్ ఘాట్‌కు ప్రత్యేకంగా ఒక పూట కేటాయించి వెళ్లకూడదా? సోమవారం ముందే తెలిసి ఉంటే సోమవారమే అది పెట్టుకునేదానివి. ఫలితం అదే, ఆదుర్దా ఉండేది కాదు.

గోంగూరపచ్చడి:
ఈ చర్చలో సోమవారం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో ఎవరైనా లెక్కపెట్టండి.

ఖరగ్‌పూర్‌వాసి:
మా ఊళ్లో రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్లకు కొదవ లేదు. వచ్చేవాళ్లు ముందే ఎవరినైనా అడిగి పెట్టుకుంటే లాడ్జీల గొడవ ఉండదు. హౌరాలో దిగాక టాక్సీ కోసం తోసుకోకుండా ఎదురుగా ఉన్న రేవులో లాంచీ ఎక్కండి. ఆగస్టులో మాత్రం రాకండి, డిసెంబరు హాయిగా ఉంటుంది.

తూర్పుగాలి:
అందరూ జాగ్రత్తలే చెబుతున్నారు కాబట్టి నా కథ కూడా వినండి. నేను డిగ్రీలో ఉండగా ఢిల్లీ యాత్రకు పేరు ఇచ్చాను. అన్నయ్య వెళ్లాడు, నన్ను పంపలేదు. కారణం అడిగితే నాన్నగారు చెప్పింది చలి ఎక్కువ అని. అన్నయ్యకు చలి వేయదు కాబోలు! ఇప్పుడు నాకు యాభై దాటాయి, ఇంకా ఢిల్లీ చూడలేదు. ఎవరూ ఆపడం లేదు. వెళ్లాలన్న కోరికే పోయింది. మీ చిట్టాల వెనక, సెలవు రోజుల వెనక ఉన్నది ఆ చలే మాస్టారూ. ఇదే ప్రయాణం ఒక అబ్బాయి చేసి ఉంటే ‘సాహసి’ అని భుజం తట్టేవారు.

కొండవీటిచాంతాడు:
తట్టను. నేను ఆడ, మగ అనలేదు. నా మాటల్లో ఎక్కడైనా ఉంటే చూపించండి.

తూర్పుగాలి:
మాటల్లో ఎవరూ పెట్టరు. మీ భయం ఆ అమ్మాయి కోసం కాదు, మీ మీదకు మాట వస్తుందని.

కొండవీటిచాంతాడు:
అవునమ్మా, మాట నా మీదకే వస్తుంది! ఒకసారి భువనేశ్వర్‌లో తొమ్మిదో తరగతి కుర్రవాడు తప్పిపోయాడు. అయిదు గంటలు. ఖండగిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో నాకే తెలియదు. వాడు ఎదురుగా ఉన్న ఉదయగిరిలో ఏనుగు గుంఫ అనే గుహ ముందు కూర్చుని కళింగ రాజు ఖారవేలుడి శాసనం బొమ్మ గీసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. అప్పుడు చెంపదెబ్బ కొట్టాను. జీవితంలో కొట్టిన ఒకే ఒక దెబ్బ. వాడి తండ్రికి ఫోను చేసి ఏమి చెప్పాలో ఆ అయిదు గంటలూ మనసులో అనుకుంటూ తిరిగాను. వాడికి అది గొప్ప యాత్రే అయి ఉంటుంది. ఈ అమ్మాయి పావుగంట పతకం ముందు నిలబడింది, సంతోషం. ఆ ఆదివారం రాత్రి ఖరగ్‌పూర్ ఆవిడ ఫోను ఎత్తకపోతే? ఇంట్లో వాళ్ల పరిస్థితి ఎవరైనా ఆలోచించారా? అమ్మా పలకాబలపం, రెండు లాడ్జీల్లో కాదన్నప్పుడు మీ నాన్నకు ఎందుకు ఫోను చేయలేదు?

పాతటికెట్టు:
ఇది మంచి ప్రశ్న.

పలకాబలపం:
చేయలేను కాబట్టి. విభాగం వాళ్లందరితో కలిసి వెళుతున్నానని ఇంట్లో చెప్పాను. యాత్ర రద్దయిందని నాన్నకు ఇప్పటికీ తెలియదు.

గోంగూరపచ్చడి:
అయ్యో.

కొండవీటిచాంతాడు:
అదీ సంగతి. పొద్దుటి నుంచి నేను సోమవారం దగ్గర ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు నాకే తెలిసింది. ఎక్కడో ఒక ముడి సరిపోలేదు. లాడ్జీవాడు కాదన్నాడు అని రాసినదానివి, ఇంటికి చెప్పాను అని ఒక్క వాక్యం రాయలేదు. ఒంటరిగా వెళ్లడం వేరు, ఎవరికీ తెలియకుండా వెళ్లడం వేరు.

తూర్పుగాలి:
నిజం చెబితే పంపేవారా? నేను నిజమే చెప్పాను, ఇంట్లోనే ఉండిపోయాను. అబద్ధం చెప్పక తప్పని స్థితి ఎవరు తెచ్చారో దాని గురించి కూడా రెండు వాక్యాలు రాయండి.

కొండవీటిచాంతాడు:
రాస్తాను. తండ్రిది తప్పే అయి ఉండవచ్చు. కానీ ఆ రాత్రి ఏమైనా జరిగి ఉంటే, ఏ ఊళ్లో వెతకాలో తెలిసినా ఎవరిని అడగాలో ఆయనకు తెలిసేది కాదు. విభాగానికి ఫోను చేస్తే, యాత్రే లేదు అనేవారు. ఆ సమాధానం వినే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. నేను ఊహించుకోగలను.

తూర్పుగాలి:
ఆ మాట మాత్రం కాదనలేను. పంపకపోవడాన్ని మాత్రం ఒప్పుకోను.

పలకాబలపం:
జూనియర్లకు ఇలా చెబుతాను: ఒక్కరే వెళ్లండి, కానీ ఎక్కడ ఉంటారో నిజం తెలిసినవారు ఒక్కరైనా ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో అమ్మతో మొదలుపెడతాను. నాన్న సంగతి ఆమే చూసుకుంటుంది, లేదా ఇద్దరమూ తిట్లు తింటాం.

కొండవీటిచాంతాడు:
చెప్పిన రోజు ఇక్కడ రాయి తల్లీ. అంతవరకు ఈ చర్చలో నేను మాట్లాడను.

గోంగూరపచ్చడి:
మాస్టారు మౌనవ్రతమట. ఎన్ని నిమిషాలో చూద్దాం.

కొండవీటిచాంతాడు:
ఒక్క మాట. జూనియర్లకు ఇచ్చే కాగితంలో మ్యూజియం సెలవు రోజు అన్నిటికన్నా పైన రాయి.